టీడీఎస్ మీటరు: వాడి చూశాక నా అభిప్రాయం

నీళ్లలో ముంచి బొత్తాం నొక్కగానే తెరమీద ఒక అంకె చూపించే పెన్ను ఆకారపు టీడీఎస్ మీటరు గురించి ఈ సమీక్ష. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం మీటర్లన్నీ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి కాబట్టి నేను చెప్పబోయేది మీ సొరుగులో పడి ఉన్నదానికీ చాలావరకు వర్తిస్తుంది. పెట్టెలో మీటరు, దాన్ని పెట్టుకోవడానికి చిన్న సంచి, రెండు బిళ్ల బ్యాటరీలు, చదవడానికి భూతద్దం కావలసినంత సన్నని అక్షరాల కాగితం ఒకటి ఉన్నాయి. పెట్టె వెనక ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా రంగులు మారే పట్టిక కూడా అచ్చువేశారు. ఆ పట్టికతో నాకు పేచీ ఉంది, దాని సంగతి తరువాత.

నేను చాలా ఏళ్లు బడిలో రసాయన శాస్త్రం చెప్పాను. పదవీ విరమణ చేశాక మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు నన్ను నీటి కమిటీలో వేశారు. రసాయన శాస్త్రం చెప్పిన మనిషికి మోటారు మరమ్మతు కూడా వచ్చి ఉంటుందని వాళ్ల నమ్మకం. మోటారు సంగతి నాకు తెలియదు. అయితే ఇంటింటికీ ఒక మీటరు చేరి, లిఫ్టులో కలిసినవాళ్లు యోగక్షేమాలు వదిలేసి "మీ ఇంట్లో ఎంత?" అని అడగడం మొదలుపెట్టాక, ఈ పరికరాన్ని కూర్చోబెట్టి పరీక్షించాలనిపించింది.

ముందుగా, ఇది కొలిచేది ఏమిటి? టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న మొత్తం ఘనపదార్థాలు. పేరు అలా ఉన్నా మీటరు ఆ పదార్థాలను తూచదు. నిజంగా తూచాలంటే నీటిని వడకట్టి, ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని ఆరబెట్టి, సున్నితమైన త్రాసు మీద పెట్టాలి. ప్రయోగశాలల్లో ఆ పద్ధతి ఉంది. మన పెన్ను చేసే పని వేరు. కొసన ఉన్న రెండు లోహపు పుల్లల మధ్య కొద్దిపాటి విద్యుత్తు పంపి, అది నీటిలో ఎంత సులువుగా ప్రవహిస్తోందో చూస్తుంది. ఉప్పులాంటి లవణాలు కరిగితే విద్యుదావేశం ఉన్న అయాన్లుగా విడిపోతాయి. అవి ఎన్ని ఎక్కువ ఉంటే ప్రవాహం అంత ఎక్కువ. ఆ వాహకతను ఒక గుణకంతో హెచ్చవేసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, అంటే ఇంత పీపీఎం అని, తెరమీద వేస్తుంది. విద్యుత్తు ఒకే దిశలో పంపితే పుల్లల దగ్గర రసాయన చర్యలు జరిగి కొలత చెడిపోతుంది కనుక దిశ మారుస్తూ పంపుతారు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త కోల్‌రౌష్ వాడిన ఉపాయమే ఇది. ఇక అయాన్ల ఆలోచనకు బీజం వేస్తూ 1884లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ డాక్టరేట్ కోసం సిద్ధాంత వ్యాసం రాస్తే, పరీక్షకులు అత్తెసరు శ్రేణి ఇచ్చి పంపించారు. 1903లో అదే ఆలోచనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ చెప్పినప్పుడల్లా తరగతిలో వెనక వరుస ముఖాలు వెలిగేవి.

గుణకం అన్నాను కదా, అక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్ని మీటర్లు వాహకతను 0.5తో హెచ్చవేస్తాయి, కొన్ని 0.7తో. సెంటీమీటరుకు 500 మైక్రోసీమెన్స్ వాహకత ఉన్న నీటిని మొదటి రకం 250 అంటుంది, రెండో రకం 350 అంటుంది. రెండూ అబద్ధం చెప్పడం లేదు. నీటిలో ఏ లవణాలు ఉన్నాయన్నది మీటరుకు తెలియదు కాబట్టి, తయారుచేసినవాళ్లు తమ లెక్క ఒకటి పెట్టుకున్నారంతే. మా ఎదురింటివారూ పైఅంతస్తువారూ ఒకే కుళాయి నీటికి వచ్చిన రెండు అంకెలు పట్టుకుని, ఎవరి మీటరు నకిలీదో తేల్చమని నా దగ్గరికి వచ్చారు. రెండు కాగితాలూ భూతద్దం కింద చదివితే ఒకదాని మీద 0.5 అనీ, మరోదాని మీద 0.7 అనీ ఉంది. తేల్చి చెప్పాక ఇద్దరూ కాస్త నిరాశపడ్డారు. ఎవరో ఒకరు మోసపోయి ఉంటారని వచ్చినవాళ్లకు ఎవరూ మోసపోలేదంటే రుచించదు.

తరువాత వంటింటి గట్టు మీద నా పరీక్షలు. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచితే 1 చూపించింది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో అర గ్రాము ఉప్పు వేసి కలిపితే 510 దగ్గర నిలబడింది. 500 రావాలి, పరవాలేదు. ఉప్పు విషయంలో మీటరు నిజాయితీగానే ఉంది. ఇంకో గ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చెంచాల పంచదార వేసి పూర్తిగా కరిగేదాకా తిప్పాను. గ్లాసు నిండా కరిగిన ఘనపదార్థమే. మీటరు మాత్రం 1, 2 దగ్గరే కూర్చుంది. పంచదార అయాన్లుగా విడిపోదు, విద్యుత్తుకు దారి ఇవ్వదు, కనుక మీటరు లెక్కలో అది లేనేలేదు. ఈ ఒక్క గ్లాసు చూపించడానికి నేను ఎవరినైనా ఇంటికి పిలుస్తాను. ఒకసారి చూసినవాళ్లకు మళ్లీ ఉపన్యాసం అక్కర్లేదు. పురుగుమందుల అవశేషాలు, పెట్రోలు మరకలు, సూక్ష్మజీవులు కూడా ఈ గ్లాసులోని పంచదార లాగే మీటరు కంటికి ఆనవు.

వేడి నీటితోనూ చూశాను. నీరు ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. అందుకని మీటరులో ఉష్ణోగ్రతను సరిచూసే ఏర్పాటు ఉంది, 25 డిగ్రీల దగ్గర ఎంత ఉండేదో లెక్కకట్టి చూపిస్తుంది. ఏర్పాటు పనిచేస్తుంది గానీ తీరిగ్గా పనిచేస్తుంది. వేడి నీటిలో పెట్టగానే అంకె పైకి ఎగిరి, లోపలి ఉష్ణోగ్రత గ్రాహకం కూడా వేడెక్కాక మెల్లగా దిగివస్తుంది. అంకె కదలడం ఆగేదాకా చూడాలి. మనవాళ్లు ముంచడం, చూడడం, తీయడం ఒకే ఊపులో చేస్తారు.

ఇక పెట్టె వెనక పట్టిక. 0 నుంచి 50 దాకా ముదురు ఆకుపచ్చ, పక్కన "ఉత్తమం". అక్కడి నుంచి లేత ఆకుపచ్చ, పసుపు, నారింజ, 500 దాటితే ఎరుపు, పక్కన "ప్రమాదం". ఈ రంగులు ఎవరు నిర్ణయించారో పెట్టె మీద ఎక్కడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో టీడీఎస్‌కు ఆరోగ్యపరమైన పరిమితి అంటూ ఏదీ పెట్టలేదు. అక్కడ ఉన్నది రుచి గురించిన మాట: లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు రుచి బాగుంటుంది, 1000 దాటితే తాగబుద్ధి కాకుండా పోతూ వస్తుంది. రుచికి గీసిన గీత మీద ఆరోగ్యం అని రాసి, దానికి ఎరుపు రంగు పూశారు. 80 ఉన్న నీరు 320 ఉన్న నీటి కన్నా నాలుగు రెట్లు మంచిదని అనుకునేవాళ్లు ఉన్నారంటే తప్పు వాళ్లది కాదు, ఆ రంగులది.

అసలు ప్రమాదకరమైనవాటిని ఈ అంకె పట్టుకుంటుందా అని లెక్క వేద్దాం. ఆర్సెనిక్ విషయంలో అదే సంస్థ పెట్టిన మార్గదర్శక పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 పీపీఎం. దానికి పది రెట్లు విషం ఉన్న నీటిలో కూడా ఆర్సెనిక్ వంతు 0.1 పీపీఎం. ఈ మీటరు చూపగల అతి చిన్న మెట్టు 1 పీపీఎం. పది రెట్ల విషానికి తెరమీద అంకె కదలదు. మేలు చేసేదాని పరిస్థితీ అంతే. సూక్ష్మజీవులను అదుపులో ఉంచడానికి కుళాయి నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉండాలంటారు. అది ఉన్నా లేకున్నా మీటరుకు పట్టదు.

మరిగించిన నీటి కథ ఇంకా ఇబ్బందికరం. మూడో అంతస్తులో చంటిబిడ్డ ఉన్న ఒక తల్లి, మరిగించక ముందు ఒకసారి, మరిగించి చల్లార్చాక ఒకసారి కొలిచింది. అంకె కాస్త తగ్గింది, అంతే. "ఇంత సేపు మరిగించినా పెద్దగా తేడా లేదు టీచర్ గారూ, ఇంక ఎందుకు గ్యాసు దండగ?" అంది. ఆ కాస్త తగ్గడం కూడా నీటిలోని కాల్షియం తెల్లటి పొరగా గిన్నె అడుగున పేరుకోవడం వల్ల. చచ్చిన సూక్ష్మజీవులకూ బతికున్న సూక్ష్మజీవులకూ మీటరు దగ్గర తేడా లేదు. మరిగించడం ఆపవద్దని చెప్పి, పంచదార గ్లాసు చూపించాను. మళ్లీ ఆ ప్రశ్న రాలేదు.

ఒకసారి పెద్ద వాన తరువాత మా భూగర్భ ట్యాంకులో అంకె ఒక్కసారిగా తగ్గింది. ఎప్పుడూ 400 పైన ఉండేది 290కి దిగింది. సంఘం సమావేశంలో చాలామంది సంతోషించారు. కార్యదర్శి గారు దాన్ని ఆ నెల సాధించిన విజయాల్లో రాయబోతుంటే, ఆగమన్నాను. మనం ఏమీ చేయకుండా నీరు ఎందుకు మారుతుంది? ఎవరు మార్చారు? వెళ్లి చూస్తే ట్యాంకు మూత పక్కన సిమెంటు పగిలి ఉంది. వాననీటిలో లవణాలు చాలా తక్కువ. ఆవరణలో నిలిచిన వాననీరు, దారిలో ఉన్న సమస్త మురికినీ మోసుకుంటూ, పగులులోంచి ట్యాంకులోకి దిగి పాత నీటిని పలచన చేసింది. పట్టిక ప్రకారం మా నీరు పసుపు నుంచి ఆకుపచ్చలోకి మెరుగుపడింది. ప్రయోగశాలకు పంపిన నమూనాలో, బయటి మురికి కలిసిందని సూచించే కోలిఫాం సూక్ష్మజీవులు ఉన్నాయని వచ్చింది. ట్యాంకు ఖాళీ చేయించి, పగులు పూడ్పించి, క్లోరిన్ వేయించాం. మీటరు ఆ రోజు నిజంగా పనికొచ్చింది, కాకపోతే పట్టిక చెప్పిన అర్థంలో కాదు. మార్పు జరిగిందని అది చెప్పింది. మంచికా చెడుకా అన్నది మనిషి వెళ్లి చూడాల్సి వచ్చింది.

రుచిగా, తేటగా ఉన్న నీటిని మంచి నీరనుకోవడం ఈ మీటరుతో పుట్టిన అలవాటు కాదు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు, వైద్యుడు జాన్ స్నో చచ్చిపోయినవారి ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాళ్లు ఏ పంపు నీళ్లు తాగారో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడు. అనుమానం బ్రాడ్ స్ట్రీట్ పంపు మీదికి వెళ్లింది. దూరంగా హ్యాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక వితంతువు ఆ చుట్టుపక్కలకు రాకపోయినా కలరాతో చనిపోయింది. ఆరా తీస్తే, ఆ పంపు నీటి రుచి అంటే ఆమెకు ఇష్టమని, బండి మీద తెప్పించుకునేదని తేలింది. మరోపక్క ఆ వీధిలోనే ఉన్న బీరు బట్టీ పనివాళ్లు బీరు తాగుతూ పంపు జోలికి పోలేదు, వాళ్లకు కలరా మరణాలు లేవు. స్నో సూక్ష్మదర్శినిలో ఆ నీటిని చూశాడు కూడా, గట్టిగా చెప్పగలిగింది ఏమీ దొరకలేదు. పరికరం జవాబివ్వనప్పుడు, తాగినవాళ్లనూ తాగనివాళ్లనూ పోల్చి చూశాడు. ఆ సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. నా మీటరు ఆయన చేతిలో ఉండి ఉంటే, కలరా గురించి ఒక్క ముక్క కూడా చెప్పి ఉండేది కాదు.

ఇప్పుడు ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన సంఘటన. మీటరు ఒంటరిగా తిరగదు. దానికి ఒక జోడీ ఉంది: గ్లాసుల్లో పెట్టి కరెంటు ఇచ్చే విద్యుద్విశ్లేషణ పరికరం. నీటి శుద్ధి యంత్రాలు అమ్మే కుర్రవాడు ఒకతను ఆదివారం మా సమావేశ మందిరంలో ప్రదర్శన పెట్టాడు. రెండు గ్లాసులు. ఒకదానిలో కుళాయి నీరు, ఇంకోదానిలో ఆర్‌ఓ యంత్రం, అంటే నీటిని సన్నని పొర గుండా నెట్టి లవణాలను ఆపే యంత్రం, నుంచి వచ్చిన నీరు. రెండూ తేటగానే ఉన్నాయి. ముందు మీటరు ముంచి 420, 30 అని గట్టిగా చదివాడు. తరువాత పరికరం తీసి, ఒక్కో గ్లాసులో రెండేసి కడ్డీలు దిగేలా పెట్టి స్విచ్చి వేశాడు. కాసేపటికి కుళాయి నీటిలో పచ్చటి తెట్టు లేచింది, అది గోధుమ రంగుకు తిరిగింది, పైన నురగ కట్టింది, అడుగున మడ్డి దిగింది. పక్క గ్లాసు తేటగా అలాగే ఉంది. "మీరు రోజూ తాగుతున్నది ఇదే మేడం" అన్నాడు. ముందు వరుసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ప్రదర్శన బ్రహ్మాండంగా ఉంది. నా సర్వీసులో ఏ ప్రయోగానికీ పిల్లలు అంత నిశ్శబ్దంగా కూర్చోలేదు.

నేను లేచి ఒక్క కోరిక కోరాను. "బాబూ, ఆ శుద్ధి చేసిన నీళ్ల గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ స్విచ్చి వెయ్యి." అతను తటపటాయించాడు. అలా చేయకూడదని ఎవరూ చెప్పలేదు, చేయమని కూడా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఉప్పు వేశాడు. స్విచ్చి వేశాడు. ఇందాకటి గ్లాసు కన్నా వేగంగా, ఇంకా దట్టంగా మడ్డి లేచింది. అప్పటిదాకా అమృతంలాంటి నీరు రెండు నిమిషాల్లో మురుగయింది.

జరిగేది ఇది. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. నీటిలో లవణాలు ఉంటే విద్యుత్తు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరుగుతుంది. కరిగిన ఇనుము మొదట పచ్చటి హైడ్రాక్సైడుగా, గాలి తగిలాక గోధుమ రంగు తుప్పుగా మారుతుంది. గ్లాసులో కనిపించేది నీటిలోంచి బయటపడిన మురికి కాదు, కడ్డీలోంచి వచ్చిన ఇనుము. ఆర్‌ఓ నీటిలో లవణాలు తక్కువ, విద్యుత్తు పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు. కడ్డీని బయటికి తీసి అందరికీ చూపించమన్నాను. కొస తినేసినట్టుగా, గుంటలు పడి ఉంది. ఇన్ని ప్రదర్శనల్లో ఆ కడ్డీ సన్నబడుతూ వచ్చింది, ఎందుకని ఎవరూ అడగలేదు.

అంతటితో అందరూ ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. "అంటే ఉప్పులో అంత మురికి ఉందన్నమాట" అన్నారు వెనక నుంచి ఒక పెద్దాయన. ఆయన్ను తప్పుపట్టను. కళ్లతో చూసినదాన్ని బట్టి ఆ అర్థమూ తీయవచ్చు. దాన్ని కాదనాలంటే నా మాట చాలదు, ఇంకో ప్రయోగం కావాలి. ఇంటికి వెళ్లి, రెండు పెన్సిళ్లకు రెండు చివరలా చెక్కి, 9 వోల్టుల బ్యాటరీకి తీగలతో కలిపి తెచ్చాను. అదే కుళాయి నీరు, అంతే ఉప్పు, కడ్డీలు మాత్రం ఇనుముకు బదులు పెన్సిల్ గ్రాఫైటు. బుడగలు వచ్చాయి. నీరు తేటగా ఉంది. చాలాసేపు పెట్టాం, తుప్పు రంగు రాలేదు. పెద్దాయన దగ్గరికి వచ్చి వంగి చూసి, "కడ్డీ మారిస్తే మురికి పోయిందే" అని నవ్వారు. ఒకసారి ఉప్పు మార్చి, ఒకసారి కడ్డీ మార్చి చూడడం అనేది ఆయనకు అప్పుడు చేతికి అందింది. ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట: బ్యాటరీతోనే చేయండి, గోడ ప్లగ్గు జోలికి వెళ్లవద్దు, కిటికీ తెరిచి ఉంచండి. ఉప్పు నీటిలో ఇది చేస్తే కొద్దిగా క్లోరిన్ వాయువు వస్తుంది.

ఆ కుర్రవాడి గురించి చెప్పాలి. అతను మోసగాడు కాదు. "శిక్షణలో మాకు ఇలాగే చూపించారు మేడం, నేను మా ఇంట్లో కూడా చూపించాను" అన్నాడు. అతని తల్లి ఆ రోజు నుంచి కుళాయి నీళ్లు ముట్టడం లేదట. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకే గ్లాసు చూసి ఒకే విధంగా భయపడ్డారు. వెళ్లేముందు పెన్సిళ్ల ఫోటో తీసుకున్నాడు. అతను అమ్ముతున్న యంత్రం పనికిమాలినదని కూడా నేను అనలేదు. ఉప్పదనం బాగా ఎక్కువున్న నీటికి, ఫ్లోరైడు, ఆర్సెనిక్ ఉన్నాయని పరీక్షలో తేలిన నీటికి ఆర్‌ఓ నిజంగా అవసరం. అవసరమో కాదో ఆ గ్లాసు చెప్పలేదు, అంతవరకే నా గొడవ.

మీటరుకు తిరిగి వస్తే, దీనికి నిజమైన ఉపయోగాలు ఉన్నాయి, అవి చిన్నవి కావు. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉంటే దాని పొర బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. లోపలికి వెళ్లే నీటి అంకె, బయటికి వచ్చే నీటి అంకె రెండూ తీసుకుని, ఎంత శాతం ఆగుతోందో చూడాలి. కొత్త పొరలు సాధారణంగా 90 శాతం పైగానే ఆపుతాయి. ఈ వేసవిలో మా యంత్రం చూడడానికి వచ్చిన మెకానిక్, "పోయినసారి 30 ఉండేది, ఇప్పుడు 60 వస్తోంది, పొర పోయింది, మార్చాలి" అన్నాడు. లోపలికి వెళ్లే నీటిని కొలవమన్నాను. పోయినసారి 310, ఇప్పుడు 620. రెండుసార్లూ పొర ఆపుతున్నది 90 శాతం పైనే. వేసవిలో నీరు చిక్కబడింది, పొర తన పని తాను చేస్తోంది. పొర మార్చకుండానే అతన్ని పంపించాను. రెండు అంకెలూ రాసి పెట్టుకోని ఇంట్లో ఈపాటికి కొత్త పొర బిగించి ఉండేవాడు. చేపల తొట్టి, మట్టి లేకుండా మొక్కలు పెంచడం, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ నిజంగా డిస్టిల్డేనా అని చూడడం, వీటికీ బాగా పనికొస్తుంది.

లోపాలు. 999 దాటితే తెరమీద మూడు అంకెలే చూపించి, మూలన చిన్నగా ×10 అని మిణుకుమిణుకుమంటుంది. 1,240 ఉన్న నీటిని 124 అని చదివి ఊరట పడే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా నాకే ఆ గుర్తు కనిపించదు. ఖచ్చితత్వం "పూర్తి పరిధిలో ±2 శాతం" అని కాగితం మీద రాశారు. వినడానికి ఎంతో బాగుంది. పరిధి 9,990 కాబట్టి అందులో 2 శాతమంటే దాదాపు 200. అంటే 150 చూపించినప్పుడు, అసలు విలువ 0 నుంచి 350 దాకా ఎంతున్నా, వాళ్లు మాట తప్పినట్టు కాదు. నా చేతిలో ఉన్నది అంతకన్నా చాలా బాగానే పనిచేసింది, కానీ ఆ వాక్యాన్ని నమ్ముకుని కొనవద్దు. ఒకే గ్లాసులో వరుసగా ముంచితే 212, 215, 211 ఇలా వస్తుంటాయి. ఒకటి రెండు తేడాలకు అర్థాలు వెతకవద్దు. బ్యాటరీ నీరసించినప్పుడు హెచ్చరిక లేదు, అంకె తప్పుదారి పడుతుంది. మూత వరకు ముంచితే నీరు లోపలికి పోతుంది.

నక్షత్రాలు వేయాలంటే పరికరానికి నాలుగు. చవక వస్తువైనా తన పని తాను శుభ్రంగా చేస్తోంది. ×10 గుర్తు కాస్త పెద్దగా ఉండి, తన గుణకం ఎంతో పెట్టె మీదే రాసి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని. పట్టికకు ఒకటి కూడా ఎక్కువే. కొనుగోలుదారులు రాసే సమీక్షలూ కాసేపు చదివాను. "మా ఇంట్లో 45 వచ్చింది, అద్భుతం" అని ఐదు నక్షత్రాలు, "900 చూపిస్తోంది, చెత్త వస్తువు" అని ఒక నక్షత్రం. అవన్నీ వాళ్లవాళ్ల కుళాయిలకు పడ్డ నక్షత్రాలు, మీటరుకు కావు.

కుటుంబంలో నీటి గురించి బెంగ ఉన్నవాళ్లు ముందు మీటరు కొనవద్దు. ప్రయోగశాలలో ఒకసారి పూర్తి పరీక్ష చేయించండి: కోలిఫాం, నైట్రేటు, ఫ్లోరైడు, ఆర్సెనిక్. 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ.కోలి, అంటే మలం కలిసిందని తెలిపే సూక్ష్మజీవి, అసలు కనిపించకూడదన్నది అంతర్జాతీయ మార్గదర్శకం, ఆ మాట నివేదికలో ఉందో లేదో చూసుకోండి. ఆ తరువాత రోజువారీ కాపలాకు మీటరు మంచిది. కొనేటప్పుడు, మీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసుకోవడానికి, 342 పీపీఎం అని రాసి ఉండే క్యాలిబ్రేషన్ ద్రావణం పొట్లం కూడా తీసుకోండి. గుణకం 0.5 ఉన్న మీటరుకు అది సరిపోతుంది. అంకె తేడాగా ఉంటే వెనక చిన్న మర ఉంటుంది, సన్నని స్క్రూడ్రైవరుతో తిప్పి సరిచేయవచ్చు. పుల్లలను గుడ్డతో రుద్దకుండా, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, విదిలించి, ఆరాకే మూత పెట్టండి.